గండయ్య కొమ్ముల మీద పిట్ట

అనగనగా నల్లమద్ది చెట్ల అడవి ఒకటి. దానికి కాపలాదారు గండయ్య అనే అడవిదున్న. అతని కొమ్ములు చూస్తే పులికి కూడా పక్కదారి గుర్తొచ్చేది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. చెట్టు కొసన కూర్చునే కొండముచ్చు బూదయ్య తాత పులిని చూసి కేక పెడితే అందరూ పరుగెత్తాలి. తిరిగి అడగకూడదు. అడిగితే తాతను నమ్మనట్టేనట! ఇదేం ఆచారం, నా తలకాయ!

ఒకరోజు కేక వినబడింది. అందరూ పరుగెత్తారు. పులీ లేదు, గిలీ లేదు. తాత గొంతుతో అరిచింది పసులపోలిగాడు. పిడికెడు నల్లపిట్ట, ఎవరి గొంతైనా దించేస్తుంది. మంద పరుగుకి గడ్డిలోంచి లేచిన మిడతల్ని తీరిగ్గా మింగింది.

"గండయ్య మామా, ఇకనుంచి కేక వింటే ఎవరని అడుగుదాం" అంది దుప్పి చుక్కమ్మ.

"చాల్లేవే! పిట్టకి భయపడి తాతను అవమానించాలా? నా కొమ్ములు చూశావా?"

"చూశాను మామా. పిట్ట వాటి మీద కూర్చునే అరిచింది."

మర్నాడూ అంతే. పిట్టకు మిడతలు, గండయ్యకు ఆయాసం.

ఇదంతా రేచుకుక్కలు చూశాయి. "దున్నను తూర్పుకి పంపు. పడమటి పొదలో వాడి దూడ ఉంది. ఆపైన మేం తిరిగే చోటల్లా నీకు మిడతలే" అని పిట్టతో బేరం కుదుర్చుకున్నాయి.

మూడో రోజు "తూర్పున పులి!" అని కేక. పులిని తరమడానికి గండయ్య అటే పరుగు తీశాడు. సగం దారిలో పొదలో ఒంటరిగా ఉన్న తన దూడ గుర్తొచ్చింది. చుక్కమ్మ మాటా గుర్తొచ్చింది. తాత ఉన్న చెట్టు కింద ఆగి, సిగ్గుపడుతూనే తలెత్తాడు.

"తాతా, అరిచింది నువ్వేనా?"

"నోటినిండా చిగుళ్లు పెట్టుకుని ఎలా అరుస్తానురా?"

అయితే ఇది పిట్ట పనే! గండయ్య వెనక్కి దూకాడు. అప్పటికే ఒక కుక్క దూడ చెవి పట్టేసింది. గండయ్య కొమ్ము విసిరేసరికి కుక్కలన్నీ పరార్. చెవి చిరిగింది, ప్రాణం దక్కింది.

"అడిగితే నాకు కోపమొస్తుందని ఎవడు చెప్పాడురా మీకు?" అని బూదయ్య అందరినీ దులిపేశాడు.

ఆ రోజునుంచి కొత్త కట్టుబాటు. ఎవరు పిలిచినా గుర్తుమాట అడగాలి. ఆ మాట రోజూ మారాలి. పిట్ట గొంతు దించగలదు గాని, తనకు తెలియని మాటను దించలేదు కదా!

మర్నాడు వానలో గండయ్య మేత నుంచి వచ్చాడు.

"ఎవరది? గుర్తుమాట?" అంది పొదలోంచి దూడ.

"నేనేరా, మీ నాన్నని!"

"గొంతు మా నాన్నదే. మాట ఏది?"

గండయ్య మర్చిపోయాడు! చుక్కమ్మ కిసుక్కున నవ్వింది. "కొమ్ములు చూపించు మామా!"

గండయ్య అక్కడే తడుస్తూ నిలబడ్డాడు, కొడుకు దారి ఇవ్వనందుకు మురిసిపోతూ.

నీతి: సరిహద్దులో ఎన్ని ఫిరంగులున్నా సరే, ఫోనులోనో కంప్యూటరులోనో వచ్చే గొంతు ఎవరిదో తిరిగి అడగని దేశాన్ని పిడికెడు పిట్ట కూడా పరుగెత్తిస్తుంది.