వచ్చే ఏడాది కుర్రాడు

రెండు రోజులుగా మాల్యాద్రికి అన్నం సయించడం లేదు.

అతను ఒంగోలు వాలీబాల్ జట్టుకి కోచ్. జట్టు నిరుడు అట్టడుగున మిగిలింది. ఈ ఏడు కూడా వాలకం అట్లాగే ఉంది. జట్టు ఓనరుకి రొయ్యల చెరువులున్నాయి. చెరువులో రొయ్య ఎదక్కపోతే మేత మారుస్తాం, జట్టు ఎదక్కపోతే కోచ్‌ని మారుస్తాం అని ఆయన ఒకరోజు నవ్వుతూ అన్నాడు. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు గానీ మాల్యాద్రికి నవ్వు రాలేదు.

అట్లాంటి సమయంలో నెల్లూరు జట్టువాళ్ళు ఒక బేరం పంపారు. మీ ఏసోబుని మాకివ్వండి, వచ్చే ఏడాది మా మొదటి పిలుపు మీరు తీసుకోండి అన్నారు.

మొదటి పిలుపంటే మాటలు కాదు. ఏటా కొత్త కుర్రాళ్ళందర్నీ ఒకచోట చేర్చి, జట్లవాళ్ళు వంతులవారీగా పిలుచుకుంటారు. ముందు పిలిచిన వాళ్ళకి కోరుకున్నవాడు దొరుకుతాడు. వచ్చే ఏడాది శ్రీకాకుళం వైపు నుంచి తాటిచెట్టంత కుర్రాడొకడు దిగుతున్నాడట. వాడు గాల్లోకి లేస్తే కిందికి దిగడం మర్చిపోతాడని అప్పుడే కథలు కథలుగా చెప్పుకుంటున్నారు.

ఏసోబు గురించి ఎవరూ కథలు చెప్పుకోరు. ముప్పై దాటాయి. మనిషి పొట్టి. అవతలివాళ్ళు సర్వీసు చేసినప్పుడు ఆ మొదటి బంతిని నేల తాకనివ్వకుండా ఎత్తి, లిఫ్టర్ నెత్తి మీదికి పంపడం అతని పని. లిఫ్టర్ దాన్ని పైకి లేపుతాడు, పొడుగువాడు ఎగిరి షాటు కొడతాడు, జనం ఈలలేస్తారు. ఆ ఈలల మధ్య ఏసోబు మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటూ ఉంటాడు.

ఇవ్వాలా? ఉంచుకోవాలా? పొద్దుగూకే లోపల తేల్చి చెప్పమన్నాడు ఓనరు.

మాల్యాద్రికి ఆట నేర్పింది దస్తగిరి మాస్టారు. కొత్తపట్నం ఒడ్డున ఇసుకలో నెట్టు కట్టి, ఇప్పటికీ పిల్లల్ని ఆడిస్తుంటాడు. ఆయన్నే అడుగుదామనుకున్నాడు మాల్యాద్రి.

"ఏసోబూ, బండి తియ్యి," అన్నాడు.

ఎక్కడికి పోవాలన్నా అతనికి అదే అలవాటు. ఎవర్ని వదిలించుకోవాలా అని అడగడానికి పోతున్నాడో, ఆ మనిషి వెనకే కూర్చుని పోతున్నాడు. దారి సగమైనా ఆ సంగతి అతనికి తట్టలేదంటే ఏమనాలి!

మాస్టారు గళ్ళ లుంగీ ఎగ్గట్టి, భుజాన తువ్వాలు, మెళ్ళో ఈల వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్టా వచ్చావురా?"

"బండి మీద, మాస్టారూ."

"ఎవరు తోలారు?"

"ఏసోబు."

మాస్టారు ఏసోబుని ఒకసారి చూసి, అందరికీ టీ పట్టుకురా నాయనా అని కొట్టుకి పంపాడు. అతను కనుమరుగయ్యాక మాల్యాద్రి గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు.

"ఆ కుర్రాడి పేరేంది?" అన్నాడు మాస్టారు.

"వాడే వస్తాడని గట్టిగా అనలేం మాస్టారూ. ఈలోపల మోకాలు పోయిందనుకోండి, ఇంకొకడు. ఎవడైనా మంచివాడే దొరుకుతాడు."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడాది."

"మరి ఈ ఏడాది?"

"ఈ ఏడాది ఓడినా ఓనరుకి సర్ది చెప్పుకోవచ్చు మాస్టారూ. వచ్చే ఏడాది కోసం జట్టు కడుతున్నాం, ఇప్పుడేం అడగబాకండి అనొచ్చు."

ఆ చివరి మాట తన నోట్లోంచి ఎట్లా జారిందో మాల్యాద్రికే తెలియలేదు. మాస్టారు దాన్ని విన్నట్టు కూడా కనపడలేదు. ఈల ఊది పిల్లల్ని పిలిచాడు.

"చెప్పులు విప్పి నువ్వూ దిగు," అన్నాడు మాల్యాద్రితో.

పిల్లల్ని ముందూ వెనకా నిలబెట్టి, మాల్యాద్రిని వెనక వరసలో ఓ మూలకి పంపాడు. ఆ వరస నడుమ చోటు ఖాళీగా మిగిలింది. మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి అక్కడ పరిచాడు.

"వీడు వచ్చే ఏడాది కుర్రాడు. మహా పొడుగు. వీడి చోట్లోకి ఎవరూ పోబాకండి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. మాల్యాద్రి కూడా నవ్వాడు.

మాస్టారి దగ్గర ఒక కట్టుబాటుంది. బంతి ఎత్తబోయేవాడు "నాది" అని గట్టిగా అరవాలి. ఒకడు అరిచాడంటే మిగతావాళ్ళు తప్పుకోవాలి. అరవకుండా ఎత్తినా తప్పే, అరిచి వదిలేసినా తప్పే. నువ్వు ఎత్తుతావని నేను, నేను ఎత్తుతానని నువ్వు చూస్తూ ఉంటే బంతి ఇద్దరి మధ్యా పడుతుందని ఆయన పోరు. మాల్యాద్రి తన జట్టుకీ అదే నేర్పాడు. తను ఆడే రోజుల్లో మాత్రం ఆ మాట అతని గొంతు దాటేది కాదు. అరిచాక బంతి జారిపోతే తిట్లన్నీ తన నెత్తినే పడతాయని భయం. అందుకు తిన్న చీవాట్లకి లెక్కలేదు.

మాస్టారు నెట్టు అవతలికి పోయి సర్వీసు చేశాడు. వయసు చేతికి తెలిసినట్టు లేదు. బంతి నెట్టు దాటి సరిగ్గా తువ్వాలు మీద పడింది.

"ఎవరూ అరవలేదే?" అన్నాడు.

"మీరే కదా మాస్టారూ పోవద్దన్నారు!" అన్నాడొక పిల్లవాడు.

"నిన్ను కాదులే. వీణ్ణి అంటున్నా." మాస్టారు మెల్లగా ఇటు వచ్చి తువ్వాలు మీదికి వంగాడు. "ఏరా అబ్బాయ్, అరవ్వేందిరా? సిగ్గా?"

పిల్లలు ఇసుకలో పడి దొర్లారు. మాస్టారు నవ్వలేదు. వెళ్ళి మళ్ళీ సర్వీసు చేశాడు. బంతి మళ్ళీ తువ్వాలు మీదే. మళ్ళీ చేశాడు. మళ్ళీ అక్కడే.

మాల్యాద్రికి నవ్వు ఆగిపోయింది. కాళ్ళు గుంజుతున్నాయి. ఇంత దగ్గర్లో బంతి పడుతుంటే గుడ్లప్పగించి చూడటం ఎంత నరకమో అతనికి ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. ఏసోబు జట్టులోకి వచ్చాక ఆ చోట్లో బంతి పడుతుందని ఆలోచించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి.

అప్పటికి ఏసోబు వచ్చి ఫ్లాస్కు ఇసుకలో పెడుతున్నాడు. మాస్టారి చెయ్యి లేచింది.

"నాది!"

ఏసోబు ఎప్పుడు పరిగెత్తాడో ఎవరూ చూడలేదు. పడుకున్నంత పని చేసి తువ్వాలుకి జానెడు ఎత్తులో బంతిని అందుకున్నాడు. అది తిన్నగా లిఫ్టర్ పిల్లవాడి నెత్తి మీదికి వచ్చింది. వాడు లేపాడు, ఇంకొకడు ఎగిరి షాటు కొట్టాడు. పిల్లలంతా ఈలలేసుకుంటూ షాటు కొట్టిన వాడి మీద పడ్డారు.

ఏసోబు మోకాళ్ళు దులుపుకున్నాడు. కింద తువ్వాలు కనిపిస్తే తీసి, ఇసుక విదిలించి, మడతపెట్టి మాస్టారి చేతికిచ్చాడు.

"మీ తువ్వాలు కింద పడింది మాస్టారూ."

తర్వాత అందరికీ టీ పోశాడు.

మాల్యాద్రి గ్లాసు పట్టుకుని మాస్టారి పక్కన చేరాడు. "ఇంతకీ ఏం చెయ్యమంటారు మాస్టారూ?"

"టీ తాగు, చల్లారిపోతది," అన్నాడు మాస్టారు.

ఇద్దరూ తిరుగుముఖం పట్టారు. అల్లూరు దాటాక ఏసోబే నోరు తెరిచాడు.

"నెల్లూరోళ్ళు నాకు కూడా ఫోన్ చేశారు సార్."

"ఎప్పుడు?" అన్నాడు మాల్యాద్రి.

"మొన్న."

"మరి నాతో అనలేదేం?"

"మీరే చెప్తారని చూస్తున్నా సార్." బండి వేగం తగ్గించాడు. "పొమ్మంటే పోతా. పిల్లల బడి సంగతి చూసుకోవాల. ముందు చెప్తే చాలు."

తిట్టినా బాగుండేదనిపించింది మాల్యాద్రికి. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ వీపు వైపు చూడలేక చెరువుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. ఓనరు. బండి ఆపించి, రోడ్డు పక్కకి దిగి నిలబడ్డాడు. గాలి హోరుకి మాట సరిగ్గా వినపడటం లేదు.

"ఏం తేల్చావయ్యా?"

"ఏసోబుని ఇవ్వడం లేదండీ."

"మొదటి పిలుపు చేతికొస్తుంటే వద్దంటావా?"

"వద్దండీ."

"సరే. నీ ఇష్టమే కానియ్యి. మరి ఈ ఏడు కూడా ఓడితే ఆ తప్పెవరిది?"

మాల్యాద్రి ఫోన్ చెవికి అదుముకున్నాడు. ఇసుకలో నిలబడి బంతి వైపు చూస్తూ నోరు పెగలని ఆ పాత రోజులన్నీ ఒక్కసారి వచ్చి గొంతులో అడ్డం పడ్డాయి.

"వినపడుతుందా? ఎవరిదంటున్నా!"

"నాది!" అని అరిచాడు మాల్యాద్రి.

బండి పట్టుకుని నిలబడ్డ ఏసోబు, అలవాటు కొద్దీ, ఓ అడుగు పక్కకి తప్పుకున్నాడు.