కింద పెట్టి ఇచ్చిన చాకు

కాళ్ళు ఆడించకు నాన్నా, కథ బెదిరిపోతుంది. తల ఇలా నా చేతి మీద పెట్టు. ఊఁ కొట్టడం మాత్రం మానకు, నువ్వు ఊఁ కొట్టకపోతే నాకు నిద్రొస్తుంది.

అనగనగా ఒక ఊరు, దానికి ఒక పక్క సముద్రం, మూడు పక్కలా మామిడి తోటలు. ఆ తోటల్లో అంటు కట్టేవాళ్ళు ఉండేవారు. అంటు కట్టడమంటే ఏమిటంటావా? తియ్యటి చెట్టు నుంచి ఒక పుల్ల కొయ్యాలి. టెంక నుంచి మొలిచిన చిన్న మొక్క తల తీసెయ్యాలి. దాని మీద ఈ పుల్లని కూర్చోబెట్టి, అరటి నారతో కట్టెయ్యాలి. రెండూ అతుక్కుంటే ఆ మొక్కకి కూడా తియ్యటి పళ్ళే కాస్తాయి. కోత నున్నగా లేకపోతే మాత్రం అతుక్కోవు.

ఆ కోతకి వాళ్ళు వాడేది మన వంటింటి చాకు కాదు. మడత చాకు. గోరు పెట్టి లాగడానికి దాని అలుగు మీద, అంటే కోసే రేకు మీద, చిన్న గాడి ఉంటుంది. పిడి లోపల ఒక ఉక్కు బద్ద ఉంటుంది. తెరిచిన చాకుని తెరిచి ఉంచేదీ, మూసిన చాకుని మూసి ఉంచేదీ ఆ బద్దే. గొళ్ళెం లేదు, తాళం లేదు. తెరిస్తే టిక్కు, మూస్తే టక్కు. ఏదీ, నువ్వూ అను.

ఆ తోటలన్నీ రామభద్రరాజు గారివి. ఆయనకి మడత చాకులంటే మహా పిచ్చి. ఓడరేవులో కొన్నవీ, తిరునాళ్ళలో కొన్నవీ, చుట్టాల్ని బతిమాలి తెచ్చుకున్నవీ, అన్నీ కలిపి ఇరవై ఒకటి ఉండేవి. దుప్పికొమ్ము పిడిది ఒకటి, ఇత్తడి పిడిది ఒకటి, తళతళలాడే ముత్యపు చిప్ప పిడిది ఒకటి. టేకు పెట్టెలో ఎర్ర మఖమలు గుడ్డ పరిచి పడుకోబెట్టేవారు. ఇంటికెవరొచ్చినా కాఫీ కంటే ముందు పెట్టె వచ్చేది. చూడటమే. తెరవడం లేదు, కొయ్యడం లేదు.

ఆ తోటలోనే నూకరత్నం అని ఒక పిల్ల పనిచేసేది. వాళ్ళ నాన్న సన్యాసయ్య అంటు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ రోజుల్లో కోత మగవాళ్ళది, నార కట్టడం, నీళ్ళు పొయ్యడం ఆడవాళ్ళది. నాన్న కోస్తుంటే నూకరత్నం నార కట్టేది. చేతులు నార మీద ఉన్నా కళ్ళు చాకు మీదే ఉండేవి. అది చూసి సన్యాసయ్య మురిసిపోయి, సాయంత్రాలు గన్నేరు పుల్లలిచ్చి కోత నేర్పాడు.

చాకుని చేతి నుంచి చేతికి అందించకూడదని నీకు తెలుసు కదా, ఇద్దరికీ గొడవలొస్తాయంటారు. కింద పెడితే, అవతలివాళ్ళు తీసుకోవాలి. ఆ తోటల్లో అదే పెద్ద మర్యాద. గురువు తన చేత్తో చాకు కింద పెడితే, శిష్యుడు వంగి తీసుకుంటే, అప్పుడే వాడు అంటు కట్టేవాడు. అంతవరకూ కాడు.

"వచ్చే అంటు కాలానికి నీకు కింద పెడతానే అమ్మా" అన్నాడు సన్యాసయ్య. ఆ కాలం రాకముందే జ్వరం వచ్చి పోయాడు. కిటికీ గూట్లో ఉన్న నాన్న గేదెకొమ్ము పిడి చాకుని నూకరత్నం తనే తీసుకుంది. ఎవరూ ఇవ్వని చాకు కదా, తోటలో కోతకి రానివ్వలేదు.

అయినా ఆ పిల్ల ఊరుకోలేదు. రోజూ సాన మీద చాకు నూరేది, అరచేతి మీద తుడిచేది, కీలులో ఒక చుక్క కొబ్బరి నూనె వేసేది. నూరీ నూరీ ఆ అలుగు వేపాకంత సన్నబడిపోయింది. ఆ చాకు తెరిచినప్పుడల్లా టిక్కుమంటే నాన్న పిలిచినట్టుండేది దానికి.

ఆ తర్వాత తుఫాను వచ్చింది. మామూలు తుఫాను కాదు. తెల్లారి చూస్తే రాజుగారి తేనెగిన్నె మామిడి చెట్టు వేళ్ళతో సహా పడిపోయి ఉంది. ఆ చెట్టు రాజుగారి అమ్మగారు పుట్టింటి నుంచి తెచ్చిన టెంక నుంచి మొలిచింది. అలాంటి పండు ఇంకెక్కడా లేదు. అమ్మ చెట్టుకి గాటు పడకూడదని రాజుగారు ఒక్క పుల్ల కూడా కొయ్యనివ్వలేదు. ఇప్పుడేమో చెట్టుతో పాటు ఆ పండు పేరే పోయేలా ఉంది. పాపం, ఆయన ఆ మానుని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

అప్పుడు అంటుగాళ్ళ పెద్ద తాతబ్బాయి ఆ కొమ్మలన్నీ వెతికి, పచ్చగా ఉన్న పుల్లలు పన్నెండు తీశాడు. తడిగుడ్డలో చుట్టి, "మూడు రోజులు ఆగుతాయండి, ఈలోగా కట్టెయ్యాలి" అన్నాడు. తన చాకు తియ్యబోయాడు. రాజుగారు పట్టుకుని ఆపేశారు. "మా అమ్మ చెట్టుకి నీ మొద్దు చాకా? నా పెట్టె తెస్తాను" అన్నారు. ప్రేమ ఎక్కువైతే ఒక్కోసారి బుద్ధి ఇలాగే పక్కకి తప్పుకుంటుంది నాన్నా.

మొదటి రోజు ముత్యపు చిప్ప చాకు ఇచ్చారు. ఏళ్ళ తరబడి తెరవలేదు కదా, కీలు బిగుసుకుపోయింది. తాతబ్బాయి లాగి లాగి గోరు విరగ్గొట్టుకున్నాడు కానీ అది రాలేదు. నూనెలో నానబెట్టడంతోనే పొద్దు గూకింది.

రెండో రోజు ఇత్తడి పిడి చాకు. అది తెరుచుకుంది. కానీ పుట్టాక సాన మొహం చూడని చాకు అది. పుల్లని కొయ్యకుండా నమిలేసింది. తొమ్మిది పుల్లలు నలిగిపోయాయి.

మూడో రోజు దుప్పికొమ్ము చాకు. పదును ఉంది, చూడటానికి రాజాలా ఉంది. కానీ లోపలి బద్ద సడలిపోయింది. కోతకి ఇలా పెట్టాడో లేదో, అలుగు చటుక్కున మడుచుకుపోయి తాతబ్బాయి వేలు తెగింది. గుడ్డ కట్టినా రక్తం ఆగలేదు. మిగిలినవి మూడే పుల్లలు. సాయంత్రానికి అవీ వాడిపోతాయి. పాడుచేస్తే మాటొస్తుందని మిగతా అంటుగాళ్ళెవరూ ముందుకి రాలేదు.

అప్పుడు నూకరత్నం నార కింద పడేసి లేచి నిలబడింది.

"నేను కోస్తానండి" అంది.

"నీ చాకు నీకు ఎవరు కింద పెట్టారే?" అన్నాడు తాతబ్బాయి, వేలు పట్టుకుని.

"ఎవరూ పెట్టలేదు బాబాయ్. మా నాన్న పెడతానని మాటిచ్చి వెళ్ళిపోయాడు. నేను కొయ్యకపోతే ఈ చెట్టు కూడా వెళ్ళిపోద్ది."

తాతబ్బాయి రాజుగారి మొహం చూశాడు. రాజుగారు పెట్టె మొహం చూశారు. ఆ తర్వాత పెట్టె మూత వేసేసి, కొయ్యమ్మా అని తలూపారు.

నూకరత్నం చాకు తెరిచింది. టిక్కు. పుల్ల చివర అటొక గీత, ఇటొక గీత, రెండే రెండు. వెన్నలో దిగినట్టు దిగింది. మొక్క తల తీసి, మధ్యలో చీల్చి, పుల్లని దాంట్లో దించింది. నార కూడా తనే కట్టుకుంది. మూడూ అలాగే కట్టి, అలుగు తుడిచి, మూసేసింది. టక్కు.

మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం ఒక పుల్ల నల్లబడిపోయింది. ఇవ్వని చాకు పెడితే అంతేనని తోటలో గుసగుసలాడారు. నూకరత్నానికి అన్నం సయించలేదు. అయినా రోజూ వెళ్ళి, మిగిలిన రెండింటికీ నీడ సరిచేసి, నీళ్ళు పోసి వచ్చేది. మూడో వారం ఒకనాటి పొద్దున్న, ఆ రెండు పుల్లల కొసల్లో రాగి రంగు చిగుళ్ళు వచ్చాయి. చిట్టి చిలక ముక్కులంత.

తోటంతా అక్కడికి చేరింది. రాజుగారు పెట్టె తెప్పించి, మధ్యలో చోటు ఖాళీ చేశారు. "నీ చాకు ఇక్కడ ఉండాలి నూకరత్నం, అన్నిటికంటే పైన" అన్నారు.

"వద్దండి" అంది అది. "పెట్టెలో పెడితే దీనికి మాట పడిపోద్దండి."

అప్పుడు తాతబ్బాయి ముందుకొచ్చాడు. "ఆ చాకు కింద పెట్టమ్మాయ్" అన్నాడు. లాక్కుంటాడేమోనని నూకరత్నం దాన్ని గుప్పిట్లో బిగించింది. అయినా పెద్దవాడి మాట, కింద పెట్టింది. ఆయన దాన్ని తీసుకుని, తెరిచి, వేపాకంత అలుగుని ఎండలో చూసి, మూశాడు. మోకాళ్ళు పట్టేసినా వంగి, నూకరత్నం పాదాల ముందు పెట్టాడు.

"మీ నాన్న చెయ్యాల్సింది. ఆడి బదులు నేను పెడతన్నాను. తీసుకో."

నూకరత్నం వంగి తీసుకుంది. నిలబడ్డాక కళ్ళు తుడుచుకోలేదు, తల దించుకోలేదు. ఏడుస్తూనే అందరి మొహాలూ తిన్నగా చూసింది. ఆ రోజు ఆ తోటలో దానంత ఎత్తు మనిషి లేదు.

ఆ తర్వాత రాజుగారు ఏం చేశారో తెలుసా? పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చున్నారు. ఇరవై ఒక్క చాకుల్నీ పెట్టెలోంచి తీసి, ఒక్కొక్కటే కింద పెట్టారు, నార కట్టే ఆడవాళ్ళ ముందు. "నూకరత్నం నేర్పుతుంది. మీరు వాడండి. నేను వచ్చి చప్పుడు వింటాను" అన్నారు. ఒకరి తర్వాత ఒకరు వంగి తీసుకున్నారు. సడలిన బద్దలు బిగించుకున్నారు, మొద్దు అలుగులు నూరుకున్నారు. ఏడాది తిరిగేసరికి తోటంతా టిక్కు టక్కు, టిక్కు టక్కు.

ఆ రెండు మొక్కల నుంచి ఇరవై, ఇరవై నుంచి రెండు వందలు అయ్యాయి. మధ్యాహ్నం నువ్వు మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నావే, అది తేనెగిన్నె పండే.

ఇంకొక్క మాట. ఆ ముత్యపు చిప్ప చాకుని, తాతబ్బాయి గోరు విరగ్గొట్టినదాన్ని, వంగి తీసుకున్నది మా అమ్మ. ఆ చాకే తనకి ముప్పై ఏళ్ళు తిండి పెట్టింది. పీడకలలు రాకుండా రోజూ నీ తలగడ కింద పెడతానే, అదే ఇది. ఇప్పుడు నా గోరు తగిలితే చాలు, తెరుచుకుంటుంది. నువ్వు పెద్దయ్యాక ఒకనాడు నీ ముందు కింద పెడతాను. అప్పుడు వంగి తీసుకుందువుగాని. ఇప్పుడు చప్పుడు మాత్రం విను.

టిక్కు.

కథ కంచి దారి పట్టింది,
చాకు పిడిలో దూరింది,
కన్ను రెప్పలో దాగింది,
నాన్న దుప్పట్లో దూరాలి.

టక్కు.