గో తోక ఇచ్చేసిన సాయంత్రం

ఒకప్పుడు ఇంగ్లీషు మాటలకు తోకల్లేవు. నిన్నటి పనైనా ఇవాళ్టి పనైనా ఒకటే వేషం. ఏది అయిపోయిందో, ఏది అవుతోందో ఎవరికీ తెలిసేది కాదు.

చూసి చూసి సూర్యుడికి విసుగొచ్చింది. పడమటి కొండ మీద నిన్నలోకి పోయే గుమ్మం ఉంది. దానికి కాపలా ఆయనే.

"ఇకమీదట అయిపోయిన పని తోక కట్టుకుని రావాలి. తోక లేనిది బయటే ఉండాలి. బయట ఉన్నదాన్ని లోకం మరిచిపోతుంది," అన్నాడు.

కొండ కింద నిన్నమ్మ అనే అవ్వ కూర్చుని ఎర్రమబ్బు పీచుతో తోకలు పేనింది. మాట చివర తగిలించే ఇ, డి అనే రెండక్షరాలే ఆ తోక. దాని పేరు ఇడి. నడిచే వాక్ తోక కట్టుకుని వాక్డ్ అయింది. గెంతే జంప్ జంప్డ్ అయింది. తర్వాత గో వంతు వచ్చింది. గో అంటే పోవడం. లోకంలో ఎవరు ఎక్కడికి పోయినా ఆ పని గోదే. తోక అందుకుని మురిసిపోయాడు.

వెనక ఎవరో వెక్కుతున్నారు. చూస్తే చిన్న ప్లే. పిల్లల ఆటలన్నీ దాని చేతిలోనే ఉంటాయి.

"ఎందుకే బుజ్జీ ఏడుస్తున్నావ్?"

"మబ్బు అయిపోయిందంట. నీదే ఆఖరి తోకంట. నేను లోపలికి పోకపోతే పిల్లలు ఇవాళ ఆడిన ఆటంతా మరిచిపోతారు కదా, గో మావా!"

గో తన తోకకేసి ఒక్కసారి చూసుకున్నాడు. వంగి దాన్ని ప్లేకి ముడేశాడు. "పద. ఊడిపోకుండా పట్టుకో."

జంప్డ్ పకపకా నవ్వింది. "ఓరి మొండితోకోడా! ఇక బయటే పడుండు!"

"పడుంటాలే. ఏడ్చే పిల్లని దాటుకుని నేను లోపలికి పోలేను."

పక్కన రాతి మీద ముసలి వెంట్ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆయనదీ పోయే పనే. ఇప్పుడెవరూ పిలవడం లేదు. లేచొచ్చి, తన చొక్కా విప్పి గోకి తొడిగాడు.

"పాతదేరా. కానీ నిన్నటి దారి దీనికి తెలుసు."

"మరి నీకో, తాతా?"

"నువ్వు తొడుక్కుంటే నేను పోయినట్టేరా."

గో తలెత్తుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. అప్పటికే సూర్యుడు సగం దిగిపోయాడు.

"తోకేదిరా?"

"ఇచ్చేశాను సామీ."

"ఆ చొక్కా?"

"వెంట్ తాతది. నేను అడగలేదు. ఆయనే తొడిగాడు."

సూర్యుడు దిగడం ఆపాడు. "తోకలోళ్లంతా పక్కకి జరగండి! గోని రానివ్వండి!"

అప్పటినుంచే ఇంగ్లీషులో నిన్నటి సంగతి చెప్పేటప్పుడు గో తోక కట్టుకోడు. వెంట్ చొక్కాలో రొమ్ము విరుచుకుని వస్తాడు. తెలియని పిల్లలు ఇవాళ్టికీ 'గోడ్' అని తోక కడుతుంటారు. గో కోప్పడడు. మెల్లగా విప్పి చేతికిస్తాడు.

"నాకెందుకమ్మా? నాకు చొక్కా ఉంది."