పాకం పడని అక్క

భ్రమరాంబకి నలభై రెండేళ్ళు. తన పళ్ళెంలో చెయ్యి పెట్టే ముందు చెల్లెలి పళ్ళెం వైపు ఒకసారి చూడటం ఆవిడ అలవాటు.

ఏమే మిన్నూ, అనగనగా అనలేదని మూతి ముడుస్తున్నావా? సరే, అంటాను. అనగనగా కాలవ పక్కన ఒక ఊళ్ళో ఈ భ్రమరాంబ ఉండేది. కాలవకి ఇవతల గట్టున ఆవిడ ఇల్లు. అవతల గట్టున చెల్లెలు హైమ ఇల్లు. మధ్యలో వంతెన. వంతెన దిగగానే ఒక హోటలు, హోటలు పక్కనే మిఠాయి కొట్టు. కథంతా అక్కడక్కడే జరుగుతుంది. రాజుల కోసం, రాక్షసుల కోసం ఎదురుచూడకు.

నెలకొకసారి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ హోటలుకి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో మాత్రం గుడికని చెప్పేవాళ్ళు. గుడికంటే ఎవరూ అడ్డు చెప్పరు. హోటలుకంటే, మరి ఇంట్లో వండింది ఏం చేస్తావని అడుగుతారు. దేవుడి సంగతంటావా, ఆయనకి అన్నీ తెలుసు. ఆయనేమీ అనుకోలేదు.

మిగతా రోజుల్లో ఇద్దరూ అందరూ తిన్నాక తినేవాళ్ళు. చల్లారిన అన్నం, అడుగంటిన కూర. అలాంటివాళ్ళకి ఎవరో వేడిగా తెచ్చి ముందు పెట్టి, ఇంకేం కావాలమ్మా అని అడిగితే ఎలా ఉంటుందో చెప్పు. ఆ ఒక్క పూట కోసం భ్రమరాంబ నెలంతా కాచుకుని ఉండేది.

వాళ్ళకో పద్ధతి ఉంది. అక్క ఒకటి, చెల్లెలు ఒకటి చెప్పుకుంటారు. సగం తిన్నాక పళ్ళేలు మార్చుకుంటారు. ఆ తర్వాత పక్క కొట్లో ఒకే ఒక్క గొట్టం కాజా కొంటారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఇద్దరికీ కలిపి ఒకటే తెచ్చేవాడు. ఆ అలవాటు పోలేదు.

గొట్టం కాజా తిన్నావుగా నువ్వు. లోపలంతా డొల్ల, డొల్ల నిండా పాకం. రెండు ముక్కలు చేస్తే పాకమంతా కారిపోతుంది. అందుకని హైమ ఒక కొస కొరికి పాకం పీల్చుకునేది. మిగిలిన ఒట్టి గొట్టం అక్క నమిలేది.

మరి అక్కకి పాకం వద్దా అంటావు. అలా అడుగు. భ్రమరాంబకి ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ చెవిలో చెప్పింది, "పెద్దదానివి కదా, నాకు పాకం పడదు అని అనెయ్యి. అది ఏడుపు మానేస్తుంది." భ్రమరాంబ అనేసింది. చెల్లెలు ఏడుపు మానేసింది. అందరూ భ్రమరాంబ బుద్ధిమంతురాలన్నారు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎలా?

పెళ్ళయ్యాక మీగడ పడదంది. చేపల పులుసులో పొట్ట ముక్క పడదంది. ఆ ఇంట్లో మగవాళ్ళకి మాత్రం అన్నీ పడేవి. గట్టి పొట్టలే తల్లీ వాళ్ళవి.

కానీ పడదన్నది నోరు. కళ్ళు అనలేదు. అందుకే అవి ముందుగా చెల్లెలి పళ్ళెం వైపు పోయేవి.

ఇలా ఉండగా మాఘమాసంలో హైమ మరిదికి పెళ్ళయింది. హైమకి తోడికోడలు వచ్చింది. పేరు రాజ్యం. ఆ పిల్లకి ఆకలెక్కువ, నోరూ ఎక్కువే.

ఒక నెల హైమ రాజ్యాన్ని వెంటబెట్టుకుని వంతెన మీదికి వచ్చింది. "గుడికంటే నేనూ వస్తానంది అక్కా. దారిలో అసలు సంగతి చెప్పేశాను."

"మీ గుడి నాకు బాగా నచ్చిందండి అక్కగారూ," అంది రాజ్యం. "ప్రసాదం ఏం పెడతారు?"

హైమ పకపకా నవ్వింది. భ్రమరాంబ నవ్వలేదు.

హోటల్లో రాజ్యం వెళ్ళి హైమ పక్కన కూర్చుంది. అది భ్రమరాంబ చోటు. భ్రమరాంబ ఎదురుగా కూర్చుంది. తను దిబ్బరొట్టె, అల్లం పచ్చడి చెప్పుకుంది. హైమ పెసరట్టు చెప్పుకుంది. సగం తిన్నాక భ్రమరాంబ తన పళ్ళెం ముందుకి జరిపింది. అప్పటికే హైమ మిగిలిన సగం పెసరట్టు రాజ్యం పళ్ళెంలో వేసేసింది.

"ఏంటక్కా, తినడం ఆపేశావు?"

"ఎందుకాపుతాను? తింటున్నాను," అని భ్రమరాంబ పళ్ళెం వెనక్కి లాక్కుంది. ఆ రోజు రొట్టె మొత్తం ఆవిడకే దక్కింది. గడ్డి నమిలినట్టుంది.

ఆ తర్వాతి నెల జున్ను తిందామన్నారు. మిఠాయి కొట్టువాడు మిరియాలు చల్లిన జున్ను మూడు ఆకుల్లో పెట్టి ఇచ్చాడు. రాజ్యం హైమ ఆకులోకి తొంగి చూసి, "అక్కా, ఆ పైన మిరియాలున్న ముక్క నాకియ్యవా," అంది. హైమ ఇచ్చింది. అడిగిన వెంటనే ఇచ్చింది. అదీ భ్రమరాంబ చూసింది.

ఒళ్ళు మండింది ఆవిడకి. "మా హైమని అక్కా అని పిలిచే చెల్లెలు ఎప్పుడు పుట్టిందో మా అమ్మ నాకు చెప్పనే లేదు," అంది.

"మీ అమ్మగారికీ తెలీదండి," అంది రాజ్యం, జున్ను నములుతూ. "మొన్న మాఘమాసంలోనే పుట్టాను."

హైమకి నవ్వొచ్చి పొలమారింది. రాజ్యం హైమ వీపు మీద తట్టింది. భ్రమరాంబ కూడా చెయ్యి ఎత్తింది గానీ, అప్పటికే అక్కడ వేరే చెయ్యి ఉంది. తన మాటకి చెల్లెలు అంతలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు.

అప్పుడు హైమ, "కడుపు నిండిపోయిందక్కా, కాజా ఈసారికి వద్దులే," అంది. ఒట్టి గొట్టం కూడా లేకుండా పోయింది భ్రమరాంబకి.

ఇంటికి వెళ్తే మొగుడు అడిగాడు, "గుడిలో రద్దీగా ఉందా?"

"ఉంది. కొత్తగా ఒకత్తి వచ్చి చేరింది," అంది భ్రమరాంబ. అని, పప్పు రుబ్బడానికి కూర్చుంది. ఆ పూట పప్పు ఎంత మెత్తగా నలిగిందో చెప్పలేను.

నిద్రొస్తోందా? ఇంకొక్కటే ఉంది. అసలుది ఇదే.

ఆ తర్వాత హైమ తన ఇంట్లో తీపి పేరంటం పెట్టింది. వీధిలో ఆడవాళ్ళు తలా ఒక తీపి చేసుకుని వచ్చారు. ఒకావిడ సున్నుండలు, ఇంకొకావిడ కొబ్బరి లౌజు. భ్రమరాంబ తెల్లవారుజామునే లేచి, అంచులకి సన్నటి అల్లికలు వేసి కజ్జికాయలు చేసింది. చెల్లెలు చూసి మురిసిపోవాలని కాదు, రాజ్యం చూసి చావాలని.

రాజ్యం బెల్లం గవ్వలు చేసింది. అందరూ వాటి మీద పడ్డారు. "ఎలా ఉన్నాయండి అక్కగారూ?" అని అడిగింది.

"గట్టిగా ఉన్నాయమ్మా. ఇంటికి పునాది తవ్వినప్పుడు పనికొస్తాయి."

"అయితే దాచి పెడతానండి. మీ తోడు ఉంటే ఇల్లు కూడా కట్టేస్తాను," అంది రాజ్యం. దానికి కోపం రాదు, అదే భ్రమరాంబకి ఇంకా కోపం.

అప్పుడు హైమ లోపల్నించి గొట్టం కాజాలు తెచ్చింది. అందరికీ తలా ఒకటి. భ్రమరాంబకి మాత్రం విడిగా, వెండి గిన్నెలో పెట్టి తెచ్చింది. "మా అక్కకి పాకం పడదు," అని అందరికీ వినిపించేలా చెప్పింది. "అందుకని దీని కొస తుంచి, పొద్దుటినుంచీ బోర్లించి ఉంచాను. ఒక్క చుక్క లేదు. చూడక్కా."

ఎంత ప్రేమగా చెప్పిందో. వెండి గిన్నెలో ఒట్టి గొట్టం. చుట్టూ అందరూ పాకం జుర్రుకుంటున్నారు.

అంతటితో అయిపోతే భ్రమరాంబ ఊరుకునేదేమో. కానీ ఆ కారిన పాకం హైమ ఒక గ్లాసులో పట్టి ఉంచింది. ఆ గ్లాసు తీసుకెళ్ళి రాజ్యానికిచ్చింది.

"నువ్వు తాగక్కా. నీకిష్టం కదా," అంది రాజ్యం.

"నాకీమధ్య పాకం పడట్లేదే. నువ్వు తాగు."

భ్రమరాంబ వెండి గిన్నె కింద పెట్టింది. ఆ మాట ఆవిడకి తెలుసు. ఆ గొంతు తెలుసు. అబద్ధమని తెలుసు. నోరు కట్టుకుని తను చెల్లెలికి ఇచ్చిన పాకాన్ని చెల్లెలు తీసుకెళ్ళి నిన్న కాక మొన్న వచ్చినదాని నోట్లో పోస్తోంది.

"ఆ గ్లాసు ఇటు తే," అంది. "అది నా పాకం."

గదిలో నమలడాలు ఆగిపోయాయి.

"నీకు పడదుగా అక్కా."

"ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. చిన్నప్పట్నించీ."

"అబద్ధం చెప్పాను. నువ్వు ఏడుస్తున్నావని అమ్మ చెప్పమంది. నాకు పాకం పడుతుంది. నీకంటే బాగా పడుతుంది. ఇప్పటిదాకా దాని రుచి ఎలా ఉంటుందో తెలీదు నాకు."

హైమ మొహం పాలిపోయింది. "నేనేమో ఆ కరకరలాడే గొట్టం నీకు ఇష్టమనుకున్నాను," అంది. "పాకం తాగుతున్నంతసేపూ నీ వంకే చూసేదాన్ని. నమిలేది అంతా అక్కకే పోయింది, నాకు ఒట్టి నీళ్ళు మిగిలాయని కుళ్ళుకునేదాన్ని."

"నువ్వు కుళ్ళుకున్నావా?"

"ప్రతిసారీ."

భ్రమరాంబకి కొంచెం సంతోషంగా కూడా ఉంది, చెప్పుకోకూడదు గానీ. అప్పుడు ఇద్దరికీ గ్లాసు గుర్తొచ్చింది. ఇద్దరూ అటు తిరిగారు.

గ్లాసు ఖాళీ.

"మీరు మాట్లాడుకుంటుంటే చీమలు పడతాయని తాగేశానండి," అంది రాజ్యం, మూతి తుడుచుకుంటూ. "నాకు పాకం పడుతుంది."

మూల కూర్చున్నావిడ ముందు నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు. భ్రమరాంబ నవ్వలేదు. ఆ పిల్లని తేరిపార చూసింది. మళ్ళీ కుళ్ళు పుట్టింది ఆవిడకి. ఈసారి చెల్లెలి పక్కన కూర్చున్నందుకు కాదు. ఆ మాట ఇంత తేలిగ్గా అనగలిగినందుకు.

కాజాలన్నీ అయిపోయాయి. "రేపు నీకొకటి కొని తెస్తానక్కా," అంది హైమ.

"నువ్వు తేనక్కర్లేదు," అంది భ్రమరాంబ.

ఇంతకీ మిన్నూ, సాయంత్రం తమ్ముడు నీ ఐస్‌క్రీం అడిగితే ఏమన్నావు? నాకు జలుబు చేస్తుంది, వాడికిచ్చెయ్ అన్నావు. నీ ముక్కు శుభ్రంగానే ఉంది, నేను చూశాను. ఇవ్వాలనుంటే ఇయ్యి. లేకపోతే నాక్కావాలి అను. ఏడిస్తే వాడే ఊరుకుంటాడు. ఏడ్చినవాళ్ళెవరూ పోలేదు.

భ్రమరాంబ కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఇప్పుడు ముగ్గురూ కలిసి హోటలుకి వెళ్తున్నారు, మూడు కాజాలు కొంటున్నారు. రాజ్యం అటు, భ్రమరాంబ ఇటు, మధ్యలో హైమ. ఆవిడ ఇప్పటికీ ముందు చెల్లెలి పళ్ళెం వైపే చూస్తుంది. ముప్పై ఆరేళ్ళ అలవాటు ఒక్క గ్లాసుతో పోతుందా?

పేరంటం మర్నాడు ఏం చేసిందో అడగవేం? గుడికని చెప్పలేదు. కాజా తినడానికి వెళ్తున్నానని మొగుడితో చెప్పింది. ఒక్కతే వంతెన దాటింది. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని కాజా మొత్తం తింది. పాకం మోచేతి దాకా కారితే అదీ నాకింది. ఇంటికి ఎవరి కోసమూ పొట్లం కట్టించలేదు.

కథేమో కంచి దారి పట్టింది,
కాజా అక్క నోట్లో పడింది,
పాకం గొంతు దిగి చల్లగా నిలిచింది,
మన మిన్ను ఇల్లు చేరి నిద్దరోయింది.