నాంచారయ్య మూడు వద్దులు

అనగనగా ఒక ఊళ్ళో... ముందు ఇటు తిరుగు. అన్నం వద్దని అలిగి గోడవైపు తిరిగి పడుకుంటే, కథ గోడకి చెప్పమంటావా? ఆఁ, అలా రా.

అనగనగా బందరు పక్కన ఒక ఊళ్ళో నాంచారయ్య అని అద్దకం పనివాడు ఉండేవాడు. వాడు బట్ట మీద పువ్వు వేస్తే తేనెటీగలు వచ్చి వాలేవిట. మనిషి బంగారం. కానీ వాడికి ఒకటే జబ్బు, మొహమాటం. ఎవరేం పెట్టినా ముందు "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అనేవాడు. మనవాళ్ళు ఊరుకుంటారా? "అయ్యో, అలా అంటే ఎలా" అని మూడుసార్లు బతిమాలి, చెయ్యి అడ్డంపెట్టినా వినకుండా వడ్డించేసేవారు. వద్దు వద్దంటూనే వాడి బొజ్జ నిండిపోయేది.

అప్పుడు ఒకనాడు వలందుల ఓడ వచ్చింది. వలందులంటే హాలెండువాళ్ళు. బట్టలు కొనుక్కోవడానికి వచ్చేవారు. "ఈ బట్టలు రంగు పోకుండా ఎలా ఉతకాలో మా చాకిరేవులో చూపించి రావయ్యా" అని నాంచారయ్యని ఓడెక్కించుకున్నారు. వాడు బట్టల మూటల మీద పడుకున్నాడు. ఓడ ఊగింది, ఊగింది, ఊగింది. కళ్ళు తెరిచేసరికి వలందుల దేశం!

ఎలాంటి దేశమనుకున్నావు? సముద్రం పైన, ఊరు కింద. పెద్ద గట్టు కట్టి నీళ్ళని ఆపేశారు. ఇంటి ముందు నిలబడి తలెత్తితే, గట్టు మీది కాలవలో పడవలు చూరుకి పైనుంచి పోతుంటాయి. గాలిమరలు నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా తిరుగుతుంటాయి. పొగమంచులో ఆవులకి కాళ్ళే కనపడవు, అన్నీ గాల్లో తేలుతుంటాయి. "గట్టు వెంటే పో, సాయంత్రానికి చాకిరేవు వస్తుంది" అన్నారు ఓడవాళ్ళు. వాడు నోరు తెరుచుకుని చూస్తూ నడిచాడు. అంత నడిస్తే ఆకలెయ్యదూ మరి?

అప్పుడు ఒక పాకలోంచి కమ్మటి పాల వాసన వచ్చింది. లోపల ఒకాయన పాలు విరగ్గొట్టి, గట్టిగా నొక్కి, బండిచక్రమంత పచ్చటి గడ్డలు చేసి అరల మీద పేరుస్తున్నాడు. నువ్వు పిజ్జా మీద సాగదీసుకుని తింటావే, ఆ చీజుకి ముత్తాత అన్నమాట. ఆయన ఒక ముక్క కోసి, "తింటావా?" అన్నాడు.

ఏ భాషలో అన్నాడా? కథలో అందరికీ తెలుగొచ్చు. అడ్డు రాకు.

"వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అన్నాడు నాంచారయ్య. "అలాగా, సరే" అని ఆయన ముక్క తన నోట్లో వేసుకున్నాడు. నాంచారయ్య కాసేపు నిలబడ్డాడు, రెండోసారి అడుగుతాడేమోనని. అడగలేదు. ఆ దేశంలో అంతేనే బంగారూ, మాటంటే మాటే. వద్దన్నవాడిని బలవంతపెడితే మర్యాద కాదనుకుంటారు.

ఆ తర్వాత ఇంకొంచెం దూరం వెళ్ళాడు. ఒకావిడ వీధిలో పొయ్యి పెట్టి, మన గుంటపొంగనాల పెనం లాంటిదాని మీద బుల్లి బుల్లి అట్లు పోస్తోంది. టపటపా తిప్పడం, పైన వెన్న వెయ్యడం, పంచదార పొడి చల్లడం. "కాసిని పెట్టనా?" అంది. "వద్దమ్మా, ఇప్పుడే..." అన్నాడు, అంతలో వాడి కడుపు గుర్రుమంది. ఆవిడ పాపం వినలేదు. "సరే" అని ఆ పళ్ళెం పక్కవాడికి ఇచ్చేసింది. గాలికి ఎగిరిన పంచదార కొంచెం వాడి మీసం మీద పడింది. చుట్టూ చూసి, ఎవరూ చూడనప్పుడు నాకాడు.

నవ్వకు. వాడి అవస్థ వాడిది.

ఆ తర్వాత పొద్దు వాలింది. చలిగాలి కొట్టింది. గట్టు కింద ఒక గడప మీద కూలబడ్డాడు. ఇక లేవలేడు, ఏదో ఒకటి కడుపులో పడితే తప్ప. ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉంటుంది. పేరు ట్రీంత్యే. నాకు నోరు తిరగదు, త్రీనమ్మ అందాం. ఆవిడ వాడిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

పొయ్యి మీద బఠాణీల చారు. చారంటే మన చారు కాదు. ఎండు బఠాణీలు పొద్దుట్నుంచీ ఉడికి, ఉడికి, గరిటె నిలబెడితే పడకుండా నిలబడింది! పక్కన సోంపు వేసి కాచిన పాలు. త్రీనమ్మ రెండు గిన్నెలు పెట్టి, "తింటావా నాయనా?" అంది.

పాడు నోరు! "వద్దవ్వా, ఇప్పుడే తిన్నాను" అనేసింది.

త్రీనమ్మ కుండ మీద మూత పెట్టేసింది. ఆ తర్వాత వాడి గిన్నె బోర్లించింది. ఆ తర్వాత తన గిన్నె కూడా బోర్లించింది.

"నువ్వు తినవా అవ్వా?" అన్నాడు వాడు.

"నువ్వు గట్టు మీద నడిచొస్తుంటే కిటికీలోంచి చూశాను. ఇవాళ తోడు దొరికిందని రెండో గిన్నె కడుక్కున్నాను. ఒక్కదాన్నే ఏం తింటాలే" అంది.

నాంచారయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన వద్దు తన కడుపునే మాడుస్తుందనుకున్నాడు ఇందాకటిదాకా, అవ్వ కడుపునీ మాడుస్తోందని ఇప్పుడు తెలిసింది. అప్పుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, "అవ్వా, అబద్ధం చెప్పాను. నాకు ఆకలేస్తోంది" అన్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పకూడదుటయ్యా!" అని త్రీనమ్మ పకపకా నవ్వి మూత తీసింది. ఇల్లంతా ఆవిరి కమ్ముకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గిన్నెలు ఊడ్చేశారు. ఆ తర్వాత సోంపు పాలు తాగారు. చూరు మీదుగా పడవలు దీపాలు పెట్టుకుని ఒకదాని వెనక ఒకటి పోతుంటే, వాటిని చూస్తూ చూస్తూ నాంచారయ్య పొయ్యి పక్కనే నిద్రపోయాడు.

ఏమిటా చప్పుడు? నా కడుపు కాదమ్మా, నేను తిన్నాను.

అదిగో, వంటింట్లో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. మీ అమ్మ కంచం కూడా బోర్లించే ఉంది, ఇందాక మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు చూశాను.

ఏమన్నావు? నాకు చెవుడు, గట్టిగా చెప్పు. ఆఁ, అదీ మాట! ఆ మాట నాక్కాదు, వెళ్ళి మీ అమ్మకి చెప్పు. పద, నేనూ వస్తా.

కథ కంచికి,
మనం వంటింటికి,
ముద్ద నోటికి,
ఆ తర్వాతే నిద్ర కంటికి.