నవ్వుల గ్యాసు, రెండు తలుపులు

గంధవాడ రాజా ముకుంద భూపతి గారికి ఒక పొద్దుటే పంతం పుట్టింది. పొరుగు రాజావారి లారీ కంటే ముందు తన లారీ ఏభై బస్తాల ధాన్యంతో కొండెక్కాలి.

అందుకు ఇంజన్లోకి నైట్రస్ వాయువు ఎక్కించాలన్నారు. పళ్ళ డాక్టర్లు నొప్పి తెలియకుండా పీల్పించే నవ్వుల గ్యాసు అదే. దానికి తగిన కామ్‌షాఫ్ట్ కూడా ఉండాలట. వెండి పళ్ళెంలో రెండు వచ్చాయి. ఒకటే ఎంచాలి.

"ఎవరి మాట తప్పయితే వాళ్ళు రేపట్నుంచి ఏనుగుల సాలలో పేడ ఎత్తాలి," అన్నారు రాజావారు.

ఆస్థాన యంత్రవిశారద కామేశం పంతులు మొదటిది పైకెత్తి చూపించాడు. ఆయన చేతికి ఏనాడూ గ్రీజు అంటింది లేదు గానీ, మెడలో మాత్రం మూడు పతకాలు వేలాడుతుంటాయి.

"గ్యాసు బాగా మింగాలంటే నోరు పెద్దది కావాలి ప్రభూ. ఇది గ్యాసు లోపలికొచ్చే తలుపును బార్లా తెరుస్తుంది. పొగ పోయే తలుపుదేముంది, ఆఖర్న కాస్త తీస్తే చాలు."

సభ చప్పట్లు కొట్టింది. లారీ మేస్త్రి పైడన్న జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు. పేడ ఎత్తడం అతనికేం నామోషీ కాదు. పదేళ్ళుగా బిడ్డలా సాకిన ఇంజన్ మొదటి మలుపులోనే పగిలిపోతుందే అని అతని బాధ.

"రెండోది మంచిది ప్రభూ," అన్నాడు. "కామ్‌షాఫ్ట్ అంటే ఇంజన్ తలుపుల దగ్గర బంట్రోతు. ఈ గ్యాసుతో మంట రెట్టింపు, పొగా రెట్టింపు. బయటి తలుపును పెందరాళే తీసి, ఎక్కువసేపు తెరిచి ఉంచే బంట్రోతు కావాలి."

రాజావారు ఆవలించారు. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పంతులు చెప్పింది వినడానికి బాగుంది."

"అయితే ఒక్క మనవి," అన్నాడు పైడన్న. "ఇవాళ తమ పుట్టినరోజు బంతిభోజనాలు కదా. తలుపుల పెత్తనం పంతులుగారికి ఇప్పించండి. ఆయన లెక్క ప్రకారమే తియ్యాలి. పిలుపులు నేను చూసుకుంటాను."

నాలుగో పతకం ఖాయమనుకుని పంతులు పొంగిపోయాడు. భోజనశాల ముందు తలుపు బార్లా తెరిపించాడు. వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

పైడన్న రెట్టింపు జనాన్ని పిలిచాడు.

మొదటి బంతి లేచింది. ఎంగిలి చేతులతో వెనక తలుపు దగ్గరికి వెళ్తే, "అందరూ తిన్నాకే తీసేది," అన్నాడు పంతులు. ఇంతలో రెండో బంతి ముందు తలుపులోంచి తోసుకొచ్చింది. ఎవరో రాజావారి విస్తట్లో కాలేశారు. ఇంకెవరో పులుసు చెయ్యి ఆయన పట్టుశాలువాకే తుడిచేశారు. పంతులు తలుపుకి అప్పడంలా అతుక్కుపోయాడు. తాళంచెవి తీద్దామంటే చెయ్యి మొలదాకా పోతే కదా.

"ఒరేయ్ పైడన్నా," రాజావారు గుంపులోంచి మెడ సాచారు. "ఊపిరాడట్లేదురా. ఆ వెనక తలుపు తీయించు."

పైడన్న కిటికీ బయట చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"ఇంకా వేళ కాలేదు ప్రభూ. పొగ ఆఖర్నే పోవాలని పంతులుగారి లెక్క. తమరిప్పుడు ఇంజన్లో ఉన్నారు."

రాజావారు తాళం వేసిన తలుపు వంకా, తోసుకొస్తున్న జనం వంకా చూశారు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వారు. ఆ ఇరుకులో ఆయన నవ్వుకి చుట్టూ ఉన్న పాతికమందీ ఊగిపోయారు.

"అర్థమైందిరా నాయనా, తియ్యి."

పైడన్న పానాతో తలుపు బందులు ఊడదీశాడు. తలుపూ, దానిమీద పంతులూ, వెనకే జనమూ పెరట్లోకి వచ్చి పడ్డారు. పంతులు లేచి, పతకాలు సర్దుకుని, ఎవరూ అడగకముందే ఏనుగుల సాల దారి పట్టాడు.

రాజావారు పులుసు మరకల శాలువా తీసి పైడన్నకు కప్పారు. "రెండోదే బిగించు. ఇకమీదట లారీ సంగతుల్లో నీ మాటే నా మాట," అన్నారు, నవ్వాపుకోలేక అక్కడే కూలబడుతూ.