మంచె మీద తిరుపాలు

"ఆకలి అబద్ధమాడుతుందా అమ్మా?" అని ఇందుమతి అడిగింది.

మఠం పెద్ద అలివేలమ్మగారు వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. ముందు అడిగినవాళ్ళను తల నుంచి కాళ్ళదాకా చూస్తారు. ఈ శిష్యురాలిలో చూడడానికి పెద్దగా మిగల్లేదు. రెండు నెలలుగా పూటకు గుప్పెడు మెతుకులు. మొన్న నీళ్ళు తోడుతూ బావి దగ్గర కూలబడింది. మఠంలో కొందరు దాన్ని తపస్సన్నారు. ఇందుమతి మాత్రం దొంగను పట్టే పనిలో ఉన్నాననుకుంది. కడుపు నకనకలాడితే అది మనసు వేస్తున్న ఎత్తు. రెండు ముద్దలకే నిండిందంటే అది నిజం. ఈమధ్య కడుపు పిలవడమే మానేసింది. తను గెలిచిందో, ఏదైనా పోగొట్టుకుందో తేలక అడిగిందా ప్రశ్న.

"జొన్న పాలు పోసుకుంటోంది. ఇవాళ చేను నువ్వు చూడు," అన్నారు అలివేలమ్మగారు. మఠానికి ఏడాది తిండి ఆ చేనే.

చేలో మంచె మీద తిరుపాలున్నాడు. నలభై ఏళ్ళుగా అక్కడ పిట్టలు తోలుతున్నవాడు. పైరు మనిషెత్తు పెరిగింది. కింద కూర్చున్న ఇందుమతికి ఆకులు తప్ప ఏమీ కనబడవు. పైనుంచి ఒక కేక. కాసేపటికి ఇంకో కేక, వెనకే వడిసెల రాయి. ఒక్క పిట్టా లేచిన చప్పుడు లేదు. మూడో కేకకు ఆమె అనుమానం గట్టిపడింది. పని చేస్తున్నట్టు కనబడడానికే అరుస్తున్నాడు వీడు.

"ఏవీ పిట్టలు?"

"వస్తాయనే అరిచినా తల్లీ. వచ్చినాక అరిస్తే గింజ మిగుల్తాదా?"

"నా దగ్గర ఈ వేషాలొద్దు. నేను చెప్తేనే అరువు."

"కింద కూచోని నువ్వేం జెప్తావు తల్లీ?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

చేను నిశ్శబ్దమైంది. ఇందుమతికి ప్రాణం హాయిగా ఉంది. ఆ నిశ్శబ్దం ఆమెకు కొత్త కాదు.

పొద్దు వాలేసరికి నడిమి సాళ్ళలో కంకులు ఉత్త చీపుళ్ళలా నిలబడ్డాయి.

"కళ్ళెదుట తింటుంటే అరవలేదేం?"

"మీరు వద్దంటిరి గదమ్మా."

మర్నాడు అరవమంది. పోయిన గింజ తన నెత్తినే పడుతుందని బెదిరిన తిరుపాలు, ఆకు కదిలినా గావుకేక పెట్టాడు. నిజంగా చిలకల గుంపు వాలినప్పుడు మాత్రం ఆమె వైపు వంగి, "అరవమంటారా?" అన్నాడు.

ఇందుమతి నీరసంతో దారిలో ఆగి ఆగి మఠానికి నడిచొచ్చింది.

"తిరుపాలు చెడిపోయాడమ్మా. ఏది నిజం కేకో, ఏది ఉత్త కేకో వాడికే తెలియడం లేదు. మార్చేద్దాం."

"ఆ మంచెకు వాడొక్కడే. ఇంకొకణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"మరి వాణ్ణి నమ్మేదెలా?"

"ఇప్పుడే నమ్మొద్దు. పొద్దును చూసి అరిపించు. బారెడు పొద్దెక్కాక, నడినెత్తికొచ్చాక, వాలాక. పిట్టలున్నా సరే, లేకున్నా సరే. మధ్యలో వాడేం అరిచినా తిట్టకు."

"ఎన్నాళ్ళు?" అంది ఇందుమతి. ఇందులోనూ ఏదో మోసముందని ఆమెకు అనిపిస్తూనే ఉంది.

పొద్దు నడినెత్తికొచ్చింది. అలివేలమ్మగారు ఒక విస్తరి తెచ్చి నేలమీద పరిచారు.

"వాడి నోరు మూయించడానికి నీకు ఒక్కరోజు పట్టింది. తెరవడానికి వాడెన్ని రోజులు అడుగుతాడో చూద్దాం. కూర్చో."